“పోనీలే” అంటే తప్పేంటి?

(తమ్ముడి స్నేహితుడికి ఆఖరి రౌండులో ఉద్యోగం చేజారింది. ఫోన్‌లో అతను ఆ సంగతి చెబుతుంటే తమ్ముడు “పోనీలేరా, ఇంకోటొస్తుంది. లైట్ తీస్కో” అన్నాడు. పక్కనే ఉన్న అక్క విన్నది.)

తమ్ముడు: ధైర్యం చెప్పడం కూడా తప్పేనా అక్కా? వాడితో కలిసి నన్నూ ఏడవమంటావా?

అక్క: ఏడవమని ఎవరన్నార్రా? ఇంటర్వ్యూలో ఏం అడిగారో వాడు మొదలుపెట్టాడో లేదో, నువ్వు తేల్చేశావు. ఆ తర్వాత వాడేమన్నాడు?

తమ్ముడు: “అంతేలే” అన్నాడు. ఒప్పుకున్నట్టేగా!

అక్క: ఒప్పుకోలేదు, ఊరుకున్నాడు. షెగ్లాఫ్, సాక్స్ అని ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఫోన్ సంభాషణలు ఎలా ముగుస్తాయో 1973లోనే రాశారు. ఎవరూ ఉన్నట్టుండి ఫోన్ పెట్టెయ్యరు. ముందు “సరే మరి” లాంటి మాట ఒకటి పడుతుంది. నా వైపు నుంచి ఇంకేం లేదు అని దానర్థం. నీ “లైట్ తీస్కో” చేసిన పనీ అదే.

తమ్ముడు: అలాంటి మాట పడ్డాక అవతలివాళ్లు కొత్త సంగతి ఎత్తుకోవచ్చని కూడా వాళ్లే రాశారుగా. వీడు ఎత్తుకోలేదు. అది నా తప్పా?

అక్క: సగంలో ఉన్నవాడు కొత్తగా ఎత్తుకునేదేంట్రా? పైగా నువ్వు చిన్న విషయమని తేల్చాక మళ్లీ చెబితే, ఇంత చిన్నదానికి వీడికింత టెన్షనా అనుకుంటావని వాడికి మొహమాటం.

తమ్ముడు: ఇలా ప్రతి మాటా తూకం వేసుకుంటూ కూర్చుంటే నోరు విప్పలేం. గాయాన్ని కెలకడం అందరికీ ఇష్టముండదు. నిరుడు నా పరీక్ష పోయినప్పుడు నాన్న “పోనీలేరా” అన్నారు. ఆ మాటతోనే నాకు ప్రాణం లేచొచ్చింది. అదీ తప్పేనా?

అక్క: కాదు. నాన్న ఎప్పుడన్నారో గుర్తుందా? ఏ పేపరు ఎలా రాశావో అంతా చెప్పించుకుని, చివర్లో అన్నారు. నువ్వు మొదట్లోనే అనేశావు.

తమ్ముడు: (కాసేపు ఆగి) మరి నువ్వు? ఏదడిగినా “నీ ఇష్టం” అంటావు. నాకెంత మండుతుందో తెలుసా?

అక్క: నీ చొక్కా రంగు గురించి అయితే నిజంగానే నీ ఇష్టం. పోట్లాడుకున్నాక అంటే మాత్రం అది విసురే, కాదనను. మనం మాట్లాడేది నీ స్నేహితుడి గురించి, దారి మళ్లించకు.

తమ్ముడు: సరే, ఇప్పుడేం చెయ్యమంటావు? మళ్లీ ఫోన్ చేసి “ఇంటర్వ్యూలో ఏం అడిగార్రా” అంటే వాడికి చిరాకు రాదూ?

అక్క: రావచ్చు. వస్తే “వదిలెయ్యరా” అని వాడే అంటాడు.

తమ్ముడు: అంటే, అదే మాట వాడంటే తప్పులేదు, నేనంటే తప్పు!

అక్క: ఉద్యోగం పోయింది వాడిది కదరా.