బెజవాడలో మరో ఫ్లైఓవర్‌కు ముందు బండ్లు లెక్కపెట్టండి

హైదరాబాద్ నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి గొల్లపూడి, భవానీపురం దాటాక ఇంద్రకీలాద్రి దగ్గర ఇరుక్కుపోతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క కృష్ణ. ఆ కాస్త చోటులోనే లారీలు, ఆర్టీసీ బస్సులు, ఆటోలు, అమ్మవారి దర్శనానికి వచ్చే జనం. అక్కడ రోడ్డును పైకి లేపడం తప్ప మార్గం లేదు. అందుకే 2020 అక్టోబర్ 16న ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవర్ అవసరమైన కట్టడమేనని నా అభిప్రాయం. కానీ ట్రాఫిక్ ఎక్కడ ఆగితే అక్కడల్లా పిల్లర్లు లేపాలన్న ఆలోచనతో మాత్రం ఏకీభవించలేను. మహానాడు జంక్షన్ నుంచి నిడమానూరు వరకు ఇప్పుడు అనుకుంటున్న ఫ్లైఓవర్ విషయంలోనూ నా మాట అదే.

దుర్గ గుడి దగ్గర ఇరుకుకు కారణం నదే. కృష్ణ అక్కడ రెండు కొండల మధ్య సన్నబడుతుంది. 1850లలో ఆనకట్టకు ఆ చోటును ఎంచుకున్నది అందుకే. నేటి ప్రకాశం బ్యారేజీ కూడా అక్కడే ఉంది. నీటికి ఆనకట్ట వేయడానికి అనువైన ఆ చోటే హైవేకు గొంతులా మారింది.

ఇంజినీర్లు దీనికి కనుక్కున్న పరిష్కారం గొప్పది. సుమారు 2.6 కిలోమీటర్ల ఆరు లేన్ల ఫ్లైఓవర్‌ను ఒంటి వరుస స్తంభాల మీద నిలబెట్టారు. మధ్యలో ‘స్పైన్’ అనే పెట్టె ఆకారపు సెగ్మెంట్లను ఒక్కొక్కటిగా అమర్చి, వాటికి రెండు వైపులా ‘వింగ్స్’ బిగించారు. దాంతో పైన వెడల్పాటి రోడ్డు వచ్చినా, కింద ఆక్రమించే జాగా చాలా తగ్గింది. అయితే 2015 డిసెంబర్‌లో శంకుస్థాపన చేసి, 2016 ఆగస్టులో జరిగే కృష్ణా పుష్కరాల నాటికి పూర్తి చేస్తామనడం మొదటి నుంచీ జరిగే పని కాదు. నది అంచున, వంపు తిరిగే వంతెన ఎనిమిది నెలల్లో లేవదు. పండుగను చూసి పెట్టిన గడువు వల్ల కలిగిన కష్టాన్ని సితార సెంటర్, చిట్టినగర్ సొరంగం మీదుగా ఏళ్ల తరబడి చుట్టూ తిరిగిన పశ్చిమ బెజవాడ జనం మోశారు.

ఫ్లైఓవర్ రాజీవ్ గాంధీ పార్కు దగ్గర దిగుతుంది. అంటే దూరం వెళ్లే బండి కొండను దాటి, నేరుగా బస్టాండు దగ్గరి రద్దీలో పడుతుంది. ప్రతి దసరాకీ పోలీసులు ఏం చేస్తారో చూడండి. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే వాహనాలను ఇబ్రహీంపట్నం దగ్గరే మళ్లించి, మైలవరం, నూజివీడు మీదుగా హనుమాన్ జంక్షన్‌కు పంపుతారు. ఫ్లైఓవర్ వచ్చాక కూడా ఇదే పద్ధతి. విశాఖ వెళ్లే లారీకి బెజవాడలో పని లేదని పోలీసులకు ఎప్పుడో తెలుసు. ప్లానింగ్ చేసేవాళ్లే ఆ మాటను ఆలస్యంగా అందుకున్నారు.

బెంజ్ సర్కిల్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నంబరు హైవే మీద వెళ్లే బండ్లకు అక్కడ ఇటొకటి, అటొకటి రెండు ఫ్లైఓవర్లు ఉన్నాయి. వాటికి మేలు జరిగిన మాట నిజం. బందరు రోడ్డు మీద అటూ ఇటూ వెళ్లే ఊరివాళ్లు మాత్రం ఇప్పటికీ కింద సిగ్నల్ దగ్గర ఆగుతున్నారు. పైనుంచి సాఫీగా వచ్చిన బండ్లు రామవరప్పాడు రింగ్ దగ్గర బారులు తీరుతున్నాయి.

అసలు మందు వెస్ట్ బైపాస్. చిన అవుటపల్లి నుంచి నున్న, గొల్లపూడి మీదుగా వచ్చి, సూరాయపాలెం దగ్గర కృష్ణ దాటి, వెంకటపాలెం వైపు దిగి, గుంటూరు దారిలో మళ్లీ 16వ నంబరు హైవేను కలిసే రోడ్డు. నది మీద దాని వంతెన పొడవు దాదాపు మూడు కిలోమీటర్లు. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లే. నది విశాలంగా పరుచుకున్న చోట దాటాలంటే ఆ ఖర్చు తప్పదు, పెట్టదగ్గ ఖర్చు కూడా. కానీ ఈ బైపాస్ కోసం మొదట చేసిన ప్రయత్నం మధ్యలోనే ఆగింది. తర్వాత భూములు, హైటెన్షన్ కరెంటు లైన్ల సమస్యలతో పని నానుతూ వచ్చింది. ముందు రావాల్సిన బైపాస్ వెనక్కి పోయి, ఊళ్లో ఫ్లైఓవర్లు ముందొచ్చాయి.

ఈ బైపాస్ బుడమేరు వాగును కూడా దాటుతుంది. 2024 సెప్టెంబర్‌లో సింగ్ నగర్ వాసుల ఇళ్లను ముంచింది బుడమేరే. అవే రోజుల్లో బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అంత నీరు ఒకేసారి వస్తుందని తెలిశాక, పల్లపు నేలలో మట్టికట్ట మీద రోడ్డు వేసి నాలుగు తూములతో సరిపెట్టడం ప్రమాదకరం. స్తంభాల మీద రోడ్డు కావలసింది ఇక్కడ. సిగ్నల్ తప్పించడానికి పోసే కాంక్రీటు కంటే వరదకు దారి వదలడానికి పోసే కాంక్రీటు వెయ్యి రెట్లు మేలు.

ఇక మహానాడు జంక్షన్ నుంచి నిడమానూరు వరకు కట్టాలంటున్న ఫ్లైఓవర్ సంగతి. రామవరప్పాడు దాటాక మెట్రోతో కలిపి డబుల్ డెక్కర్‌గా కట్టాలన్న ఆలోచనా ఉంది. మెట్రో రావడం మంచిదే. పిల్లర్లు ఎలాగూ వేస్తున్నాం కాబట్టి పనిలో పనిగా రోడ్డూ వేద్దామనడమే తొందరపాటు. హైదరాబాద్‌లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009 నుంచి ఉంది. విమానాశ్రయానికి వెళ్లే కార్లకు అది వరం. దాని కింద ఉండే అత్తాపూర్ జనానికి దక్కినవి మాత్రం ఇంటి గుర్తులుగా పనికొచ్చే పిల్లర్ నంబర్లు.

బైపాస్ రెండు వైపులా పూర్తిగా నడవడం మొదలయ్యాక, కనీసం ఒక ఏడాది పాటు మహానాడు జంక్షన్, రామవరప్పాడు, ఎనికేపాడు దగ్గర బండ్లను లెక్కపెట్టాలి. ఎన్ని దూర ప్రయాణాలవి, ఎన్ని ఊళ్లో తిరిగేవి అన్నది విడివిడిగా, అందరికీ కనిపించేలా ప్రకటించాలి. దూరం వెళ్లే లారీలు తగ్గిపోతే అక్కడ మిగిలేవి సిటీ బస్సులు, ఆటోలు, స్కూటర్లు. వాటికి కావలసింది తెగని సర్వీసు రోడ్లు, బస్సు ఆగడానికి చోటు, రోడ్డు దాటే మనిషికి దారి. లెక్కల్లో లారీలు ఇంకా ఎక్కువే ఉన్నాయని తేలితే అప్పుడు ఫ్లైఓవర్ కట్టండి, నేనూ సమర్థిస్తాను. ఆ లెక్క రాకముందే టెండర్లు పిలవకండి.