పంటు మీద సింధుదుర్గ్

మా బావగారు మహారాష్ట్రలోని మాల్వణ్ వెళ్ళి సింధుదుర్గ్ కోట చూసొచ్చి చాన్నాళ్ళయింది. మనిషైతే వచ్చారుగానీ, నోరు ఇంకా అరేబియా సముద్రంలోనే ఉంది. ఎవరు కనబడినా కాఫీ చల్లారేలోపు కోట కట్టేస్తారు.

మొన్న నరసాపురంలో రైలెక్కాలని సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటెక్కాం. సంచులు నా చేతిలో, పూతరేకుల డబ్బా అక్క చేతిలో, రైలు టికెట్లు బావగారి ఫోనులో. పంటు కదిలిందో లేదో, కొబ్బరికాయల బస్తాతో బండి మీదున్న కుర్రాడొకడు దొరికిపోయాడు.

"1664లో మొదలెట్టి మూడేళ్ళలో లేపాడయ్యా శివాజీ! చుట్టూ సముద్రం, మధ్యలో 48 ఎకరాల కోట. పడవ దగ్గరికెళ్ళేదాకా గుమ్మమెక్కడో తెలీదు!"

"కాయ దిగుబడెలా ఉందండీ అక్కడ?"

"కాయ సంగతలా ఉంచు. రెండు తలల కొబ్బరిచెట్టు ఉండేదట, పిడుగుపడి పోయింది. అంత దూరం వెళ్ళింది దానికోసమే! పోనీ బావులు చూద్దామంటే, ఉప్పు సముద్రం మధ్యన తియ్యటి నీళ్ళు. పాలబావి, పెరుగుబావి, పంచదారబావి. షుగరుందని మా ఆవిడ మూడోది తాగనివ్వలేదు."

ఇంతలో మాధవాయిపాలెం రేవొచ్చింది. ఇక్కడా ఒకప్పుడు ఇంగ్లీషు కంపెనీవాళ్ళ వర్తక స్థావరం ఉండేదిలెండి. చాలాభాగం గోదారి కోసుకుపోయింది. చూపించుకోడానికి మనకేం మిగలకే మావాళ్ళకి ఊరవతల కోటలంటే ఇంత మోజు.

రేకు దించారు. అందరికంటే ముందు ఆ కుర్రాడు దిగాడు. మేమూ దిగి వెనక్కి చూస్తే బావగారు లేరు. పంటు మీదే, ఒడ్డుకేసి వీపు పెట్టి, కొత్తగా ఎక్కినవాళ్ళకి గాల్లో రెండు చేతులతో బురుజు కడుతున్నారు.

"బావగారూ, రైలండీ!" అని గొంతు చించుకున్నాను. ఆయన చెయ్యి ఊపారు. పంటు వెళ్ళిపోయింది. ఫోను చేస్తే ఎత్తరు. అందులో కోట ఫొటోలు చూపిస్తున్నారని తర్వాత తెలిసింది.

అక్క నింపాదిగా గట్టు మీద కూర్చుని డబ్బా మూత తీసింది. "తినరా. ఆయన సంగతి నాకు కొత్తా?"

పంటు తిరిగొచ్చేసరికి మా రైలు పాలకొల్లు దాటేసుంటుంది. బావగారు దిగారు. వెనకే నలుగురు దిగారు. వాళ్ళల్లో పెద్దాయన నా చేతిలో ఐదొందల నోటు పెట్టాడు.

"అడ్వాన్సండి. వానాకాలం అక్కడ పడవలు తిరగవంట కదా, సంక్రాంతెళ్ళాక పెట్టండి బస్సు. నాకు కిటికీ పక్కన, ఆయ్!"