సవరణ: 35 మైక్రోగ్రాములు కాదు, 35 నానోగ్రాములు

ఎముక మజ్జ మూలకణాలను ష్వాన్ కణాల్లాంటివిగా (నరాల తంతువులకు తొడుగు వేసే కణాల్లాంటివిగా) మార్చే పద్ధతి మీద తిరుపతి ల్యాబ్ విద్యార్థుల కోసం మొన్న పెట్టిన పోస్టులో, రెటినోయిక్ ఆమ్లం (విటమిన్ ఎ నుంచి వచ్చే పదార్థం) మిల్లీలీటరుకు 35 మైక్రోగ్రాములని రాశాను. తప్పు నాదే. 35 నానోగ్రాములు అని ఉండాలి. ఈ పద్ధతిని మొదట వివరించిన పరిశోధనా పత్రాల్లో ఉన్నదీ అదే. వెయ్యి రెట్లు పోస్తే కణాలు మారవు, చస్తాయి.

వరస మాత్రం అదే. ముందు కణాలను 1 మిల్లీమోలార్ బీటా-మెర్కాప్టోఇథనాల్ అనే రసాయనంలో 24 గంటలు ఉంచాలి. సీసాలోది సుమారు 14.3 మోలార్ కాబట్టి 10 మిల్లీలీటర్ల మీడియానికి (కణాలను పెంచే ద్రవానికి) 0.7 మైక్రోలీటరే పడుతుంది. అంత చిన్న కొలత పిపెట్‌కు సరిగ్గా అందదు, ముందే పలచన చేసుకోండి. కడిగాక రెటినోయిక్ ఆమ్లంలో 72 గంటలు. దానికి వెలుతురు పడదు, ట్యూబుకు రేకు చుట్టండి. ఆపైన ఫోర్స్‌కోలిన్, న్యూరెగ్యులిన్, పీడీజీఎఫ్, బీఎఫ్‌జీఎఫ్ అనే కారకాలు (కణాలను మారేలా ప్రేరేపించేవి) కలిపిన మీడియంలో రెండు వారాలు, మూడు రోజులకోసారి కొత్తది పోస్తూ.

ఇంకోటి. ఎస్100 అనే గుర్తు ప్రోటీన్ కనిపిస్తే ష్వాన్ కణమే అని నేను రాసినట్టు కొందరు చదువుకున్నారు. కాదు. జీఎఫ్ఏపీ, పీ75 అనే గుర్తు ప్రోటీన్లు కూడా చూడాలి. మూడూ కనిపించినా అది ష్వాన్ లాంటి కణమే. మీడియంలో కలిపిన ఆ కారకాలు ఆపేస్తే పాత రూపానికి తిరిగి పోవచ్చు.