పారిస్ ఒపెరా ఆట గారికి ఓ ఫిర్యాదు

పారిస్ ఒపెరా ఆట గారికి,

హనుమకొండ నుంచి ఓ కొత్త చదరంగం ఆటగాడు నమస్కరించి రాసుకునేది.

మీరు 1858లో పారిస్‌లో, ఓ ఒపెరా హాలులో ఆడిన చదరంగం ఆటగా పుట్టారు. ఒకవైపు 21 ఏళ్ల అమెరికా ఆటగాడు పాల్ మార్ఫీ, రెండోవైపు ఓ డ్యూకు, ఓ కౌంటు జమిలిగా. 17 ఎత్తుల్లో ఖతం. టాక్టిక్స్, అంటే ఎత్తుగడలు, రావాలంటే పాత ఆటలు చూడమన్నారని మిమ్మల్ని ఎక్కాల్లా బట్టీపట్టాను. పైగా మా హనుమకొండ ఇరిగేశి అర్జున్ ఊరు. ఆ అబ్బాయి 14 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్. ఇక్కడి నీళ్ల మహిమేమో అనుకుందామంటే, అవే నీళ్లు నేను నలభై ఏళ్లుగా తాగుతున్నాను.

అసలు గొడవేంటంటే, మా పక్కింటి సారు మిమ్మల్ని చదవలేదు. మీ డ్యూకు గారు తన ఒంటెను తెచ్చి గుర్రానికి మార్చుకుని, మార్ఫీ మంత్రికి బాట వేసిచ్చారు. సారుకు అంత మర్యాద లేదు. నా ఒంటె ముందుకు రాగానే అంచు బంటును ఒక్క గడి జరిపి అదిలించారు. అది వెనక్కొచ్చేసింది. పోతే పోనీ, నాకు గుర్తున్నది మార్ఫీ మంత్రిని బలిచ్చిన ఆ 16వ ఎత్తే కదా! మంత్రిని తీసుకెళ్లి వాళ్ల చివరి వరుసలో పెట్టి, మీసం దువ్వుకున్నాను. గుర్రం దాన్ని తినేసింది. వెంటనే ఏనుగును దింపి చెక్ అన్నాను. రాజే ఒక అడుగు పక్కకేసి ఏనుగునూ తినేశాడు.

“ఏంది బిడ్డా, మంత్రిని ఊకనే ఇచ్చినవ్?” అన్నారు సారు, చాయ్ ఊదుకుంటూ.

ఇంటికెళ్లి మిమ్మల్ని మళ్లీ బోర్డు మీద పేర్చాను. మార్ఫీ ఒంటె, గోడ మీద బల్లిలా, దూరంగా కూర్చుని ఆ చివరి గడిని కాస్తోంది. అందుకే ఏనుగు దిగితే రాజు ముట్టలేడు. తొమ్మిదో ఎత్తునుంచీ అది అక్కడే ఉంది! మంత్రి చచ్చే చోట అందరూ చప్పట్లు కొడతారు గానీ, ఈ ముక్క కాస్త గట్టిగా చెప్పకూడదా మీరు?

ఇకమీదట బట్టీ బంద్. రాసి ఉన్న ఎత్తుల మీద కరెంటు బిల్లు కప్పి, ఒక్కోటీ ఊహించాకే జరుపుతాను. మీ పెద్దన్న, 1851 నాటి లండన్ ఆటతో మొదలుపెట్టాను. అందులో ఆండర్సన్ అనే ఆటగాడు ఒక ఒంటెను, రెండు ఏనుగుల్ని, మంత్రిని కూడా ఇచ్చేసి గెలిచాడట.

ఈ సంగతి సారుకు చెప్పాను. రేపటి చాయ్ తనదే అన్నారు.

ఇట్లు,
మీ విధేయుడు