సవరణ: టాడ్ డాడ్జ్ టైటిళ్ల లెక్క

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో హైస్కూల్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో విసిరే అమెరికన్ ఫుట్‌బాల్) కోచ్ టాడ్ డాడ్జ్ గురించి నిన్న రాసినదాంట్లో తప్పు దొర్లింది. ఆయన ఏడు రాష్ట్ర టైటిళ్లూ సౌత్‌లేక్ కరోల్ పాఠశాలకే వచ్చాయన్నాను. అక్కడ గెలిచినవి నాలుగు: 2002, 2004, 2005, 2006. మిగతా మూడు ఆస్టిన్ శివార్లలోని వెస్ట్‌లేక్‌తో, 2019 నుంచి 2021 సీజన్ వరకు వరుసగా. రెండో పాఠశాలను ఆ స్థాయికి చేర్చడం నా దృష్టిలో ఇంకా పెద్ద పని. దాన్నే వదిలేసినందుకు మన్నించండి.

నిన్న ప్రస్తావించిన తండ్రీకొడుకుల ఫైనల్ గురించి కూడా స్పష్టంగా చెప్పాలి. టాడ్ కొడుకు రైలీ ఆటగాడిగా తండ్రితో తలపడలేదు. 2006లో తండ్రి దగ్గరే కరోల్ క్వార్టర్‌బ్యాక్‌గా (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడిగా) ఆడి గెలిచాడు. తర్వాత అదే కరోల్‌కు కోచ్ అయ్యాడు. కోవిడ్ వల్ల ఆలస్యమైన 2020 సీజన్ ఫైనల్ 2021 జనవరిలో ఆర్లింగ్టన్‌లో జరిగింది. మైదానానికి ఒక పక్క వెస్ట్‌లేక్ కోచ్‌గా తండ్రి, ఎదురు పక్క కరోల్ కోచ్‌గా కొడుకు. వెస్ట్‌లేక్ 52-34తో గెలిచింది. తను నిలబెట్టిన జట్టునే, కొడుకు చేతిలో ఉండగా ఓడించాల్సి వచ్చింది ఆ తండ్రికి!

టెక్సస్ విశ్వవిద్యాలయానికి 1980లలో టాడ్ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడారని నిన్న రాసింది మాత్రం సరైనదే.