కడిగి, కోసి, పిండి... కోడింగ్ తొలి పాఠం మన వాక్యంలోనే ఉంది

“నిమ్మకాయ కడిగి, కోసి, గ్లాసులోకి పిండి, చక్కెర వేసి, నీళ్ళు పోసి, కలిపి ఇవ్వు.” ఈ ఒక్క వాక్యంలో ఏడు ఆదేశాలున్నాయి. బడికి రాకముందే తెలుగు పిల్లలు ఇలాంటి మాటలు వింటారు, అంటారు. కడిగి, కోసి లాంటి మాటల చివర ఉండి, ఒక పని ముగిశాకే రెండోది అని చెప్పే ఆ ‘ఇ’ని వ్యాకరణంలో క్త్వార్థకం అంటాం. కంప్యూటర్‌కు ఆదేశాలు రాసే ప్రోగ్రామింగ్‌లో సీక్వెన్స్ (వరస) అంటే అదే.

2020 జాతీయ విద్యావిధానం కోడింగ్‌ను ఆరు నుంచి ఎనిమిది తరగతుల దశలో ప్రవేశపెట్టాలంది. ఈలోగా ఒకటో తరగతి పిల్లలకే ట్యాబ్‌లలో కోడింగ్ నేర్పిస్తామని ప్రకటనలు వస్తున్నాయి, తల్లిదండ్రులు కంగారుపడి డబ్బు కడుతున్నారు. ఆ వయసుకు కావలసిన పాఠానికి ట్యాబ్ అక్కర్లేదు. చెప్పింది చెప్పినట్టే చేసే మనిషి ఒకరుంటే చాలు.

ఆ మనిషి టీచరే. పై ఏడు పనులకూ ఏడు బొమ్మ కార్డులు గీయాలి. వాటిమీద అంకెలు వేయకూడదు. అంకెలుంటే పిల్లలు పనిని చూడరు, అంకెల్ని పేరుస్తారు. పిల్లలు పేర్చిన వరసలోనే టీచర్ చేసి చూపాలి. ‘కోయి’ కార్డు లేకుండా ‘పిండు’ వస్తే కాయను కాయగానే పట్టుకుని నొక్కాలి. “చక్కెర వెయ్యి” అంటే ఎంత? “రెండు చెంచాలు” అనేదాకా చెయ్యి కదలకూడదు. ‘గ్లాసు పెట్టు’ అన్న కార్డు మనం ఇవ్వనేలేదు. అది కావాలని పిల్లలే కనిపెట్టాలి. రసం బల్లమీద కారినప్పుడు ఆ ఎనిమిదో కార్డును వాళ్ళే గీసుకుంటారు.

ఎక్కువ తరగతుల్లో పాఠం చెడేది ఇక్కడే. పిల్లవాడి ఉద్దేశం టీచరుకు అర్థమైపోతుంది, పోన్లే అని సరిచేసి చేసేస్తారు. ఆ దయవల్ల పిల్లవాడికి తన తప్పు కనబడకుండా పోతుంది. రెండో పొరపాటు, ఒకే వరసను సరైన జవాబుగా పెట్టుకోవడం. చక్కెర ముందు వేసినా నీళ్ళు ముందు పోసినా షర్బత్ అవుతుంది. కోయడానికి ముందు పిండితే మాత్రం కాదు. ఏవి తారుమారు చేయొచ్చు, ఏవి కుదరవు అని అడగని వరస పాఠం బట్టీయమే.

ఇక నేలమీదికి రావాలి. సుద్దముక్కతో అడుగు కొలతలో అయిదు వరసలు, వరసకు అయిదు గళ్ళు గీయండి. కార్డులు మూడే రకాలు: ముందుకు, ఎడమకు తిరుగు, కుడికి తిరుగు. కింది ఎడమ మూల గడిలో పైకి చూస్తూ ఒక పాప నిలబడుతుంది. మూడు గళ్ళు పైకి, అక్కణ్ణుంచి రెండు గళ్ళు కుడికి వెళితే బంతి ఉంటుంది. సరైన ప్రోగ్రాం ఆరు కార్డులు: ముందుకు మూడు, కుడికి తిరుగు ఒకటి, మళ్ళీ ముందుకు రెండు.

పాప ఎక్కడ ఆగిందో చూస్తే పేర్చినవాళ్ళ ఆలోచన ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. బంతికి ఒక గడి ఇవతల ఆగితే, ‘తిరుగు’ అన్నప్పుడే పక్క గడిలోకి కూడా వెళ్తుందని అనుకున్నారన్నమాట. “కుడి పక్కకు వెళ్ళు” అని మనం మామూలుగా ఒకేసారి అనేస్తాం కదా, ఈ పొరపాటు అందులోంచి వస్తుంది. మలుపుకు ముందే ఒక గడి ఎక్కువ పైకి పోతే, నిలబడిన గడిని కూడా ఒకటిగా లెక్కపెట్టారు. వైకుంఠపాళిలో కొత్తగా ఆడేవాళ్ళు చేసే తప్పే ఇది. “ఎన్ని గళ్ళు?” అని అడగకుండా “ఎన్ని అడుగులు?” అని అడిగితే చాలావరకు సర్దుకుంటుంది. మలుపు కార్డే మరిచిపోతే అయిదో అడుగుకు పాప గళ్ళు దాటి బయటికి వచ్చేస్తుంది.

కుడి ఎడమల గొడవ వేరు. పాప మనవైపు తిరిగి ఉంటే ఆమె కుడి మన ఎడమ. కార్డులు పేర్చేవాళ్ళు ఎదుట కూర్చుంటే ఈ చిక్కు తప్పదు, అందుకని మొదటి వారం పాప వెనకాలే నిలబడి పేర్చాలి. లేదా పేర్చేవాళ్ళే లేచి గళ్ళలో నడిచి చూసుకోవాలి. 1967లో సిమూర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్‌జైగ్ రూపొందించిన లోగో అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆదేశాలతో తాబేలు బొమ్మను నడిపించే పిల్లలకు పాపర్ట్ చెప్పిన ఉపాయం ఇదే: నువ్వే తాబేలువై నడువు. తర్వాత వచ్చిన బీ-బాట్ అనే బొమ్మ రోబో కూడా అడుగుకు 15 సెంటీమీటర్లు, మలుపుకు 90 డిగ్రీలు, అంతే. దానిలో పాత ఆదేశాలు చెరిపే మీట నొక్కకపోతే కొత్తవి పాతవాటి వెనక చేరతాయి. కార్డులకు ఆ బెడద లేదు.

తప్పు వచ్చిన వెంటనే పిల్లలు కార్డులన్నీ ఊడ్చేసి మొదటినుంచి పేరుస్తారు. దాన్ని ఆపాలి. తరగతిలో నలభైమంది ఉంటే ముగ్గురేసి జట్లు కట్టండి: ఒకరు పేరుస్తారు, ఒకరు నడుస్తారు, మూడో పిల్ల ఒక్కో అడుగుకూ ఒక్కో కార్డుమీద వేలు పెడుతుంది. అడుగు తప్పినచోట వేలు ఆగుతుంది, ఆ ఒక్క కార్డే మారుతుంది. ప్రోగ్రామర్లు ఉద్యోగంలో తరచూ చేసేది ఈ వేలి పనే. మూడు పాత్రల్లో ఇదే విలువైనదని నా నమ్మకం. చురుకైన పిల్లలకే వదిలేయకుండా దీన్ని వంతులవారీగా అందరికీ ఇవ్వాలి.

వరస ఎన్నాళ్ళు చెప్పాలి? పిల్లలు తమంతట తామే “ముందుకు, ముందుకు, ముందుకు అని మూడుసార్లు ఎందుకు టీచర్?” అని విసుక్కునేదాకా. అప్పుడు ‘గోడ వచ్చేదాకా ముందుకు’ అన్న కార్డు ఇవ్వండి. ఆపైన ‘గోడ వస్తే కుడికి తిరుగు’. కంప్యూటర్ చేయగల ఏ లెక్కనైనా వరస, షరతు, పునరావృతం (మళ్ళీ మళ్ళీ చేయడం) అనే మూడింటితోనే రాయవచ్చని 1966లో కొరాడో బోమ్, జూసెప్పె జాకోపీని అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞులు నిరూపించారు. తెలుగులో ఆ మూడూ ‘ఇ’, ‘తే’, ‘దాకా’. ‘ఇ’ కుదురుకోకముందే మిగతా రెండూ ఇస్తే పాప ఏ కార్డు దగ్గర తప్పిందో వేలు పెట్టిన పిల్లకు తెలియదు, టీచరుకూ తెలియదు.