గనుల గోల తీరదు, చోటు మారుతుందంతే

"ఎలక్ట్రిక్ బండ్లొస్తే గనులు మూతపడతాయి" అన్నట్టు కొందరు రాస్తున్నారు, మా భూపాలపల్లి దిక్కు ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల దుమ్ము మింగే ఊళ్లకు వినడానికి బాగానే ఉంది గానీ లెక్క వేరే. మామూలు కారుకంటే ఎలక్ట్రిక్ కారుకు ఆరు రెట్ల ఖనిజాలు కావాలని (ఉక్కు, అల్యూమినియం కాక) అంతర్జాతీయ ఇంధన సంస్థ 2021లోనే చెప్పింది. ఈ బండ్ల బ్యాటరీల్లో వాడే కోబాల్ట్ ప్రపంచంలో సగానికి పైగా కాంగోదే, అక్కడ చిన్నపిల్లలు కూడా ఆ పనిలో ఉన్నారు. శుద్ధి చేసేదేమో ఎక్కువగా చైనా. జమ్మూలోని రియాసిలో బ్యాటరీలకే కావాల్సిన లిథియం ఖనిజం 59 లక్షల టన్నులు ఉందని 2023లో మస్తు హడావుడి చేశారు, అదీ ప్రాథమిక అంచనానే, తీరా వేలం పెడితే సరిపడా కంపెనీలే రాలేదు! వరంగల్ రోడ్ల మీద ఎలక్ట్రిక్ స్కూటర్లు పెరుగుతున్నాయి, మంచిదే. మరి వాటి పాత బ్యాటరీలు స్క్రాప్ దుకాణాల పాలు కాకుండా లిథియం, కోబాల్ట్ తిరిగి తీసే ప్లాంటు సింగరేణి ప్రాంతంలోనే ఎందుకు పెట్టకూడదు?